కొంగల తోటలో బోర్డు

అడవి లేని చోట

కోనసీమలో అటవీ శాఖ ఉద్యోగం చేశానంటే ఇప్పటికీ నవ్వేవాళ్లు ఉన్నారు. "ఇక్కడ అడవెక్కడుందండీ, కొబ్బరి చెట్లకి కాపలా కాసేరా?" అని అడిగినవాళ్లలో మా వియ్యపురాలు కూడా ఉంది. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత, "ఆయ్, ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి బాగున్నావా అని అడిగొచ్చేదాన్నండీ" అని జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. నిజానికి అది పెద్ద అబద్ధమేమీ కాదు.

సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పక్షుల గురించి ఏం చదవమంటారు మేడం అని అడుగుతుంటారు. పక్షుల గురించి చదవడానికి కావలసినన్ని పుస్తకాలున్నాయి, ఫోన్లో బొమ్మ చూపిస్తే పేరు చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. ఒకరి ఇంటి అరుగు మీద ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పే పుస్తకం మాత్రం లేదు. మా ఉద్యోగంలో ముప్పాతిక భాగం అదే కాబట్టి ఇది రాస్తున్నాను.

కోనసీమలో పక్షికి అడవి ఉండదు. ఎవరిదో చెట్టు మీద గూడు పెడుతుంది, ఎవరిదో చేలో తింటుంది, ఎవరిదో చెరువులో చేపను ఎత్తుకుపోతుంది. పక్షి జోలికి రావద్దని చట్టం చెబుతుంది. ఆ చెట్టుకి పన్ను కట్టేదీ, ఆ రెట్టల కంపు భరించేదీ మాత్రం ఇంకొకరు. మనం ఆ ఇద్దరి మధ్యా నిలబడి జీతం తీసుకుంటాం. ఇది తెలియక, యూనిఫాం వేసుకోగానే చెట్టూ పిట్టా కూడా మనవే అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు చిరాకు. ఆ మాట దాచుకోను.

గెలిచిన కేసు

కొత్తపేట వైపు ఒకాయన పెరట్లో పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. నిండా తెల్లకొంగల గూళ్లు. ఆయన మేడ మీద గది వేసుకుంటూ అడ్డొచ్చిన కొమ్మలు కొట్టించాడు. గూళ్లలో పిల్లలున్నాయి. నేను వెళ్లేసరికి అవి ఇసుక గుట్ట మీద పడి ఉన్నాయి, కాకులు మొదలుపెట్టేశాయి.

కేసు పెట్టాను. ఆయన కోర్టుకి తిరిగాడు, జరిమానా పడింది. అప్పటి మా అధికారి భుజం తట్టారు. కొమ్మలు కొట్టినవాడికి శిక్ష పడాల్సిందే, ఆ కేసు తప్పని ఇప్పటికీ అనను.

మరుసటి ఏడు తొలకరికి అటు వెళ్తూ ఆగాను. చెట్టు నిలబడే ఉంది గానీ ఒక్క ఆకు లేదు. మొదలు దగ్గర బెరడు నల్లగా కమిలిపోయి ఉంది. వేళ్లలో ఎవరో ఏదో పోశారు. ఇంటాయన నన్ను చూడగానే ఎదురొచ్చి కుర్చీ వేసి, బొండాం కొట్టించి ఇచ్చాడు. "ఏం తెగులోనండీ, పాపం, నిలువునా ఎండిపోయింది" అన్నాడు. ముఖంలో ఎక్కడా కోపం లేదు. తలెత్తి చూస్తే కొంగలు ఆ మోడు మీద వాలుతున్నాయి, లేస్తున్నాయి. కొన్నాళ్లు అలాగే తిరిగి ఎటో వెళ్లిపోయాయట. బొండాం సగంలోనే పక్కన పెట్టి లేచాను.

అప్పటి నుంచి నాకొక భయం పట్టుకుంది. మనకి ఎదురుతిరిగి అరిచేవాడితో ఫరవాలేదు, వాడి మనసులో ఏముందో తెలుస్తుంది. కుర్చీ వేసి బొండాం ఇచ్చేవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మా సీమలో అందరూ కుర్చీ వేసేవాళ్లే.

సూరిబాబు గారి తోట

ఇక అసలు సంగతి. ఊరి పేరు రాయను, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. రాజోలు నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో పంటకాలువ పక్కన ఉంటుంది. కాలువ మీద చిన్న వంతెన, వంతెన దిగగానే సూరిబాబు గారి కొబ్బరి తోట. తోట గట్టున వరసగా పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు. ఏటా తొలకరి పడగానే నత్తగుల్ల కొంగలు అక్కడ దిగేవి. ఒంటికి బూడిద తెలుపు, రెక్కల చివర నలుపు, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. చేలల్లో నత్తల్ని ఏరుకు తింటాయి కాబట్టి రైతుకి వాటివల్ల నష్టం లేదు.

నష్టమంతా సూరిబాబు గారిది. కొంగలున్న నెలల్లో ఆ తోటలో కొబ్బరి దింపు ఆపేసేవారు. మనుషులు చెట్లెక్కి గెలలు కోస్తుంటే, కాయలు దబదబా పడుతుంటే గూటి మీద తల్లి నిలవదు. రాలిన కాయ ఎవరు ఏరుకుంటే వాళ్లదే. పెళ్లి ఊరేగింపు ఏదైనా సరే, వంతెన దగ్గర బ్యాండు ఆపి, తోట దాటాక మళ్లీ మొదలుపెట్టాలి. ఎవరూ జీవో ఇవ్వలేదు. సూరిబాబు గారి తండ్రి కాలం నుంచీ అలా నడుస్తోంది.

గాలివానకి పిల్లలు గూళ్లలోంచి పడిపోతుంటాయి. వాటిని చూసే పని కాలువగట్టు వీధి ఆడవాళ్లది. వాళ్లకి ముందు నిలిచింది మంగతాయారు. ఇంటి దగ్గర మిషన్ కుట్టుకుంటూ డ్వాక్రా గ్రూపు నడిపే మనిషి. రొయ్యల చెరువుల మీద కాకులు వాలకుండా కడతారే, ఆ పాత వలలు అడిగి తెచ్చి, చెట్ల కింద మనిషెత్తున ఉయ్యాలలా కట్టించింది. పిల్ల పడితే వలలో పడుతుంది. ఇద్దరిద్దరు చొప్పున పొద్దునా సాయంత్రం వెళ్లి చూసేవాళ్లు. దెబ్బ తగిలిన పిల్లని కొబ్బరాకు బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, నత్తలు చితక్కొట్టి తినిపించేవాళ్లు.

ఆదివారాలు పట్నం నుంచి కూడా కొందరు వాలంటీర్లం అంటూ వచ్చేవారు. మెడలో కెమెరాలు, మోకాళ్ల దాకా బూట్లు. అందులో పనిచేసేవాళ్లు లేకపోలేదు గానీ, పిల్లని చేతిలో పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగేవాళ్లే ఎక్కువ. మంగతాయారు ఊరుకునేది కాదు. "ముందు పిల్లని దింపండీ, మీ ఫొటోకి నేను నిలబడతాను" అనేది. ఆ అమ్మాయి దగ్గర నేను పక్షుల గురించి నేర్చుకున్నది పెద్దగా లేదు, నాకు తెలిసినంతే తనకీ తెలుసు. రోజూ వెళ్లడం ఎలాగో నేర్చుకున్నాను.

మర్యాదగా నిలబెట్టిన బోర్డు

మాకు కొత్తగా ఒక రేంజర్ గారు వచ్చారు. ఈ ప్రాంతం వారు కాదు. నిజాయితీపరుడు, కష్టపడతారు, తెల్లారకముందే జీపు ఎక్కేస్తారు. చెడ్డ అధికారితో వేగడం సులువు, వాళ్ల మాట వినకపోయినా మనసుకి ఏమీ అనిపించదు. మంచివాడై ఉండి తొందరపడే అధికారితోనే అసలు చిక్కు.

ఆయన తోట చూసి పొంగిపోయారు. వెంటనే బోర్డు పెట్టాలన్నారు. "పక్షుల సంరక్షిత ప్రాంతం. అనుమతి లేనిదే లోనికి ప్రవేశించరాదు. చెట్లు నరుకుట, కొమ్మలు కొట్టుట శిక్షార్హమైన నేరము." పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు, పైన శాఖ ముద్ర.

"సార్, ముందు సూరిబాబు గారితో ఒక పూట కూర్చుని మాట్లాడదాం" అన్నాను.

"మాట్లాడానమ్మా. నా ఎదురుగానే సరేనన్నారు. ఎంత సంతోషించారో!"

"ఇక్కడ ఎదురుగా అందరూ సరేనంటారు సార్. ఇంటికొచ్చిన మనిషితో కాదని చెప్పడం వీళ్లకి రాదు."

"అయితే మరీ మంచిది కదమ్మా" అని నవ్వారు.

బోర్డు పెట్టిన రోజున సూరిబాబు గారు చేసిన మర్యాద చూడాలి. కుర్చీలు వేయించారు, ఆత్రేయపురం పూతరేకులు తెప్పించారు, రేంజర్ గారికి శాలువా కప్పారు. మా వాళ్లు తెచ్చిన నిచ్చెన పొట్టిదైపోతే తన ఇంట్లోంచి దింపు నిచ్చెన తెప్పించి, బోల్టులు బిగించేదాకా తనే కింద నిలబడి పట్టుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మంగతాయారు మాత్రం బోర్డు రెండుసార్లు చదివి, నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "అయితే మేడం గారండీ, బాబాయి గారు ఆయన తోటలోకి ఆయన వెళ్లడానికి ఇప్పుడు ఎవర్నడగాలండీ?"

ఆ మాట రేంజర్ గారికి చెప్పాను. "అది సామాన్య జనానికి రాసింది, ఓనర్‌కి కాదు" అన్నారు. బోర్డు మీద ఆ తేడా ఎక్కడా లేదు.

సూరిబాబు గారికి ఒక తమ్ముడు ఉన్నాడు. అప్పట్లో మండపేటలో రైసు మిల్లులో పనిచేస్తూ అక్కడే ఉండేవాడు. తోటలో తన వాటా అమ్మి మండపేటలో ఇల్లు కట్టుకుందామని అతని ఆలోచన. కొనడానికి అమలాపురం నుంచి మనుషులు వచ్చారు. వంతెన దిగగానే బోర్డు చదివారు. మంచినీళ్లు తాగి, మళ్లీ కబురు పెడతామని చెప్పి వెళ్లిపోయారు. కబురు రాలేదు. ఇవాళ బోర్డు పెట్టారు, రేపు కంచె వేస్తారు, ఎల్లుండి పట్టా రద్దు చేస్తారని టీ కొట్టు దగ్గర మాట పుట్టింది. తమ్ముడు ఫోన్లో అన్నగారిని నానా మాటలూ అని, ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు.

నాకు ఇదంతా వెంటనే తెలియలేదు. తెలిసిందల్లా, సూరిబాబు గారి ఇంట్లో నాకు మర్యాద పెరిగింది. అంతకుముందు వెళ్తే అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పేవారు. ఇప్పుడు లేచి నిలబడి రండి రండి అంటున్నారు, కాఫీ వెండి గ్లాసులో వస్తోంది, ఆయన మాత్రం కూర్చోవడం లేదు. అది చూస్తే నాకు కొత్తపేట బొండాం గుర్తొచ్చింది. "ఏమైనా ఇబ్బందా అండీ?" అని అడిగితే, "అబ్బే, ఏం లేదండీ, అంతా మీ దయ" అన్నారు.

తర్వాత ఒక పెళ్లి ఊరేగింపు వంతెన దగ్గర బ్యాండు ఆపలేదు. ఎవరో బాణసంచా కూడా కాల్చారు. ఆ మర్నాడు వలల నిండా పిల్లలే. సూరిబాబు గారు బయటికి వచ్చి చూడలేదని మంగతాయారు చెప్పింది. మరో రెండు రోజులకి, వలలు పాతబడ్డాయి, విప్పి తీసుకెళ్లిపో అమ్మాయీ అని ఆమెకి కబురు పెట్టారట. ఆమె తీయలేదు. విన్నది విననట్టు ఊరుకుంది.

రంపం మోగిన ఉదయం

వినాయక చవితి వెళ్లిన వారం. గూళ్లలో పిల్లలు ఒళ్లు చేసి నిలబడుతున్నాయి గానీ ఇంకా ఎగరడం రాలేదు. పొద్దున్నే ఫోన్ మోగింది.

"మేడం గారండీ, లారీ వచ్చిందండీ. మిషన్లు దింపుతున్నారు. తాళ్లు కడుతున్నారండీ."

"ఎవరు పిలిపించారు?"

"బాబాయి గారేనండీ. మీరు తొరగా రండి, మేం వెళ్లి కింద కూర్చుంటాం."

అమలాపురం నుంచి స్కూటీ మీద బయల్దేరాను. వైనతేయ గోదావరి పాయ మీది వంతెన దగ్గర కొబ్బరికాయల లారీ ఒకటి ఆగిపోయి దారి మూసేసింది. అక్కడి నుంచే రేంజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన రాజమహేంద్రవరంలో మీటింగులో ఉన్నారు. "ఇంకేం ఆలోచిస్తున్నారు? పోలీసుల్ని పిలవండి, మిషన్లు సీజ్ చేయండి, కేసు రాయండి. సాయంత్రానికి నేనొస్తాను" అన్నారు. చట్టప్రకారం ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. లారీ పక్కనుంచి బండి దూర్చి ముందుకు పోనిచ్చాను.

ఊరు ఇంకా రాకముందే ఆకాశంలో కొంగలు కనిపించాయి. అన్నీ ఒక్కసారే లేచిపోయి గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద రంపం మోత.

నేను వంతెన దిగేసరికి మోత ఆగింది. గట్టు చివరి చెట్టుది ఒక పెద్ద కొమ్మ అప్పటికే నేల మీద ఉంది. సగం వల మీదా, సగం కాలువలోకీ పడింది. నలుగురు ఆడవాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి పిల్లల్ని ఏరుతున్నారు. మిగతావాళ్లు పక్క చెట్టు మొదలు చుట్టూ కూర్చున్నారు, మధ్యలో మంగతాయారు. మిషన్ పట్టుకున్నవాడు ఆమె తల మీదుగా చెట్టు కోయలేక నిలబడిపోయాడు. "మాదేం లేదండీ, రమ్మన్నారు, వచ్చేం. మబ్బు పట్టేసింది, వానొస్తే లారీ దిగబడిపోద్దండీ. ఏదో ఒకటి తొరగా చెప్పండి" అన్నాడు నాతో.

సూరిబాబు గారు ఒక కొబ్బరి చెట్టు కింద కుర్చీలో, చెట్లకి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"రండి మేడం గారండీ. పొద్దున్నే బయల్దేరినట్టున్నారు, టిఫిన్ చేసేరా అండీ? పెసరట్టు వేయించమంటాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లలు నీళ్లలో పడి చస్తుంటే పెసరట్టేమిటి సూరిబాబు గారూ?" అని గట్టిగా అరిచాను. ఉద్యోగంలో ఎవరి మీదా అంతగా అరవలేదు. ఆయన తల దించుకున్నారు.

చేతిలో ఫోను. పోలీసుల నంబరు తెర మీద ఉంది. నొక్కితే చాలు, పావుగంటలో వస్తారు. ఈ ఏడాది చెట్లు నిలబడతాయి. కొంగలు వెళ్లిపోయాక ఆ వేళ్లలో ఎవరు ఏం పోస్తారో కాపలా కాయడానికి నాకు మనిషి లేడు. ఈ పెద్దాయన కోర్టు మెట్లెక్కుతారు, నేనొస్తే మళ్లీ కుర్చీ వేస్తారు, ఏం తెగులోనండీ అంటారు. ఎటూ తోచలేదు. రేంజర్ గారు మళ్లీ ఫోన్ చేస్తున్నారు, ఎత్తలేదు.

అప్పుడు మంగతాయారు చెట్టు మొదట్నుంచి కదలకుండానే గొంతెత్తింది. "బాబాయి గారూ, మీరు ఆవిడకి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"నువ్వూరుకో అమ్మాయీ."

"ఊరుకోనండీ. మేడం గారూ, ఆ బోర్డు పెట్టిన కాడ్నుంచీ ఈయన సరిగా తింటం లేదండీ. వాటా బేరం పోయిందని తమ్ముడు గారు మాట్టాట్టం మానేసేరు. తోట గవర్నమెంటు లాగేసుకుంటాదని ఊరంతా అంటన్నారు."

"మరి నాతో ఒక్క మాట అనలేదేమిటండీ?" అన్నాను ఆయనతో. "బోర్డు తీసెయ్యమని అడిగితే సరిపోయేది కదా!"

ఆయన అప్పుడు నా వైపు చూశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎలా అడుగుతానండీ? ఇంటికొచ్చి పెట్టేరు. శాలువా కప్పేను. నిచ్చెన నేనే పట్టుకున్నాను. మళ్లీ వచ్చి పీక్కుపొండని ఏ మొహం పెట్టుకుని అడగనండీ? చెట్లు నావి కదా అనుకున్నాను. చెట్లు లేకపోతే కొంగలు రావు. కొంగలు రాకపోతే బోర్డుతో పని లేదు, మీరే తీసుకెళ్తారు. ఎవరికీ మాట రాకుండా పోతుందనుకున్నానండీ."

ఒక అధికారిని నొప్పించడం ఇష్టంలేక, తండ్రి కాలం నుంచి కాపాడుకొచ్చిన చెట్లు కొట్టించడానికి సిద్ధపడ్డాడు ఈ మనిషి. మరో చోట ఎవరైనా అయితే రాత్రికి రాత్రి ఆ బోర్డు పీకి కాలువలో పడేసేవాళ్లు. ఈయనకి అది మర్యాద కాదు.

నిచ్చెన

"నిచ్చెన ఉందా అండీ?" అన్నాను.

"ఎందుకండీ?"

"బోర్డు తీస్తాను."

ఆయన కంగారుపడ్డారు. "వద్దండీ మేడం గారూ, మీ ఉద్యోగానికి మాటొస్తుంది."

"వస్తుంది. తీసే అధికారం కూడా నాకు లేదు. మీరు నిచ్చెన తెప్పించండి."

బోల్టులు ఉప్పుగాలికి అప్పుడే తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. లారీ డ్రైవరు స్పానర్ ఇచ్చాడు. అతని మనుషులు ఎక్కుతామంటే వద్దన్నాను, రేపు వాళ్ల మీదకి రాకూడదు. నాకు మోకాళ్ల నొప్పులు, ఖాకీ బట్టలు వానకి తడుస్తున్నాయి, అప్పటికే చినుకులు మొదలయ్యాయి. కింద సూరిబాబు గారు నిచ్చెన పట్టుకున్నారు. ఒక బోల్టు ఎంతకీ రాలేదు. పైన కొంగలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కటీ వాలలేదు. ఇవి ఇక రావేమో, పిల్లలు గూళ్లలోనే వానకి చచ్చిపోతాయేమోనని నాకు ఏడుపొచ్చింది. మొహం మీద ఎలాగూ వాన ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బోర్డు దింపి కింద పెట్టాక ఆయన అడిగారు. "మరి తోట గవర్నమెంటుకి పోదు కదండీ?"

పోదని చెప్పేస్తే ఆ క్షణానికి సులువుగా తేలిపోయేది. "పోదని నేను మాటివ్వలేనండీ, అంత పెద్ద ఉద్యోగం కాదు నాది. నాకు తెలిసినంతలో అలాంటి ఆలోచన ఏదీ లేదు. ఎప్పుడైనా వస్తే మీకు ముందు చెప్పేది నేనే. ఆ ఒక్క మాట ఇవ్వగలను" అన్నాను.

మిషన్ వాడు గడియారం చూసుకుంటున్నాడు. ఆడవాళ్లు లేవలేదు. వాన పెరిగింది. చివరికి సూరిబాబు గారు లారీ వైపు తిరిగారు. "తాళ్లు విప్పేయండి. మీకు రావలసింది ఇచ్చేస్తాను. టిఫిన్ చేసి వెళ్లండి."

అప్పుడు మంగతాయారు లేచి, ముఖం తుడుచుకుని, "బాబాయి గారూ, చేతులు ఖాళీయే కదా, ఈ పిల్లని పట్టుకోండి" అని ఒక పిల్లని ఆయన చేతుల్లో పెట్టేసింది. ఆయన కండువా తీసి దానికి చుట్టారు. అది ఆయన వేలు పట్టుకుని గట్టిగా పొడిచింది. ఆయన వదల్లేదు. "నేను చేసిందేనమ్మా, నేను చేసిందే" అంటూ దానితోనే మాట్లాడుతూ అరుగు మీదకి నడిచారు.

కొన్ని పిల్లలు బతకలేదు. వాటిని గట్టు పక్కన వరసగా పెట్టి అరిటాకు కప్పాం. వాన తగ్గాక ఒక్కో కొంగా దిగింది. ముందు చుట్టూ తిరిగింది, కొమ్మ చివర వాలింది, లేచింది, మళ్లీ వాలింది. మధ్యాహ్నానికి మిగిలిన చెట్ల మీద గూళ్లన్నిటికీ తల్లులు చేరుకున్నాయి.

రేంజర్ గారు సాయంత్రం వచ్చారు, జీపు దిగుతూనే మండిపడుతున్నారు. "ఎవరి పర్మిషన్‌తో తీశారు?"

"సూరిబాబు గారి పర్మిషన్‌తో సార్. తోట ఆయనది."

ఆయన ఇంకేదో అనబోయి అరిటాకు చూశారు. ఆకు కొద్దిగా ఎత్తి, మళ్లీ కప్పేశారు. తర్వాత అరుగు మీదకి వెళ్లి సూరిబాబు గారి పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, నత్తలు కొట్టే పనిలో ఉన్నాను. నాకు రావలసిన మెమో వచ్చింది, ఆ సంగతి ఇక్కడ అనవసరం. ఆయన ఆ బోర్డు మళ్లీ పెట్టమని మాత్రం అనలేదు. ఉన్నన్నాళ్లూ ఆ ఊరు వెళ్తే ముందు అరుగు ఎక్కి, ఆ తర్వాతే తోటలోకి నడిచేవారు. తొందరపాటు మనిషి మారగలడని నేను చూసింది ఆయనలోనే.

ఆ మరుసటి ఏడు కొంగలు ఆలస్యంగా వచ్చాయి. సూరిబాబు గారు రోజూ నాకు ఫోన్ చేసి, ఇంకా రాలేదండీ, ఇంకా రాలేదండీ అనేవారు. వచ్చిన రోజున కూడా ఫోన్ చేశారు. ఫోన్ చెట్ల వైపు పట్టుకున్నారు, ముక్కులు టకటకలాడించే చప్పుడు వినిపించింది. కొమ్మ పోయిన చెట్టు మీద మాత్రం అవి చాలాకాలం వాలలేదు.

ఎవరండీ?

సూరిబాబు గారు ఇప్పుడు లేరు. పోయినప్పుడు నేను ఊళ్లో లేక వెళ్లలేకపోయాను. పదవీ విరమణ అయ్యాక కూడా ఆ వైపు వెళ్లడానికి మనసు రాలేదు. ఆయన తర్వాత తోట ఎవరి చేతిలో ఉందో, చెట్లు ఉన్నాయో లేవో చూసే ధైర్యం లేకపోయింది. మంగతాయారు ఫోన్ చేసి, ఒకసారి రండి మేడం గారండీ, మీరే చూద్దురుగాని అంటూ ఏమీ చెప్పకుండా వేధించింది.

ఈ వర్షాకాలం వెళ్లాను. యూనిఫాం లేదు, మామూలు నేత చీర. స్కూటీ వంతెన దిగబోతుంటే గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి గబగబా అడ్డం వచ్చి చెయ్యెత్తారు.

"ఎవరండీ? ఎవరింటికండీ?"

"కొంగల్ని చూద్దామనండీ" అన్నాను.

"ఆయ్, చూడండి. కానీ బండి ఇంజను ఇక్కడే ఆపెయ్యాలండీ. పిల్లలున్నాయి. హారను కొట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఆ వల కిందకి మాత్రం వెళ్లకండి, ఏమీ అనుకోకండి."

"మీరు?"

"ఈ తోట మాదేనండీ. మండపేటలో ఉండేవాణ్ణి, మిల్లు పని మానేసి వచ్చేసేను. మా అన్నయ్య గారు పోతూ పోతూ చెప్పేరు, వంతెన కాడ ఒక మనిషి ఉండాలిరా అని."

గొడుగు వెనక, గట్టు పొడుగునా చెట్లన్నీ ఉన్నాయి. చివరి చెట్టు మీద, కొట్టేసిన కొమ్మ పక్కన కొత్త కొమ్మ లేచింది. దాని మీద గూళ్లున్నాయి. నేనెవరో ఆయనకి చెప్పలేదు. ఇంజను ఆపి, అలాగేనండీ అని, స్కూటీని నడిపించుకుంటూ వెళ్లాను.